ఎనిమిదో వంతు డిస్క్

మెమరీలో కొంత భాగాన్ని డిస్క్‌లా చూపించే చిన్న లినక్స్ డ్రైవర్ ఒకటి నా చేతికింద ఉండేది. 512 బైట్ల సెక్టార్లతో (సెక్టార్ అంటే డిస్క్ ఒకేసారి చదివే, రాసే ముక్క) ఏ పేచీ లేకుండా నడిచేది. దాన్నే 4096 బైట్ల సెక్టార్లున్న డిస్క్‌లా కూడా చూపించాల్సి వచ్చింది. ఒక పూట పని అనుకున్నాను. కోడ్‌లో 512 అని ఉన్న చోటల్లా ఒక వేరియబుల్ పెట్టి, దానికి 4096 ఇచ్చాను. చేసిన తప్పంతా ఇదే. అది తెలుసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

మొదటి రోజు వేరే గొడవతో పోయింది. పేజ్ కాష్ (డిస్క్ డేటాని లినక్స్ మెమరీలో దాచుకునే చోటు) అడ్డం రాకుండా, నేరుగా డిస్క్‌తో మాట్లాడే డైరెక్ట్ ఐఓతో ఒక టెస్ట్ రాస్తే, ప్రతి రైట్‌కీ ఎర్రర్ 22. ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అంటుంది, ఏ ఆర్గ్యుమెంటో మాత్రం చెప్పదు. కెర్నల్ (లినక్స్ మూల భాగం) లాగ్‌లో ఒక్క ముక్క లేదు. ఇలాంటప్పుడు సెక్టార్ సైజు హద్దుకి సరిపడ్డాయా అని చూడాల్సినవి మూడు: ఆఫ్‌సెట్ (డిస్క్‌లో మొదలయ్యే చోటు), పొడవు, బఫర్ (డేటా ఉంచే మెమరీ) అడ్రస్. నా పొడవు ఇంకా 512 దగ్గరే ఉంది. అది సరిచేసినా ఎర్రర్ పోలేదు. అడ్రస్ ప్రింట్ చేస్తే చివర్లో హెక్సా 10. మెమరీ అడిగి తెచ్చుకునే మామూలు ఫంక్షన్ మాలక్ 16 బైట్ల హద్దుకే హామీ ఇస్తుంది మరి. కోరిన హద్దు మీద మెమరీ ఇచ్చే పోసిక్స్ మెమ్‌అలైన్‌తో 4096 హద్దు మీద బఫర్ తీసుకున్నాక దారికొచ్చింది. 6.1 కెర్నల్ నుంచి స్టాట్‌ఎక్స్ కాల్‌ని అడిగితే ఏ హద్దు కావాలో అదే చెబుతుంది. నాది అంతకన్నా పాత కెర్నల్.

రెండో రోజు అసలు కథ మొదలైంది. 1 జీబీ ఇచ్చిన డిస్క్ 128 ఎంబీగా కనిపిస్తోంది. అయినా 4096 బైట్ల చొప్పున రాసి, తిరిగి చదివితే అంతా సరిపోతోంది. ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ పెడితే మాత్రం ఒకసారి మౌంట్ అవుతుంది (వాడకానికి తెరుచుకుంటుంది), ఇంకోసారి కాదు. అయినప్పుడు కాపీ చేసిన ఫైళ్ల చెక్‌సమ్ (డేటా మారిందో లేదో చెప్పే లెక్క) కలవదు. ముందు సైజు సంగతి చూద్దామని కెపాసిటీ లెక్క మార్చాను. డిస్క్ 1 జీబీ చూపించింది. ఫార్మాట్ కొట్టగానే కెర్నల్ ఊప్స్ (కెర్నల్‌లోనే తప్పు జరిగినప్పుడు వచ్చే ఎర్రర్), టెస్ట్ నడుస్తున్న వర్చువల్ మెషీన్ కుప్పకూలింది. మార్పే తప్పేమో అని భయపడి వెనక్కి తీసేశాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ ఒక్కటే నేను సరిగ్గా చేసిన మార్పు.

మూడో రోజు పక్క టీమ్‌లో ఉన్న అన్న ఒకాయన నా టెస్ట్ చూసి, "రాసిన సైజులోనే చదువుతున్నావు కదరా, తేడా ఉన్నా ఎలా దొరుకుతుంది?" అన్నారు.

"ఎంతలో చదివినా అదే డేటా రావాలి కదన్నా!"

"రావాలి. వస్తోందేమో చూడు."

ప్రతి 4096 బైట్ల ముక్క నిండా దాని నంబరే నింపి, 8192 చొప్పున రాసి, 4096 చొప్పున చదివాను. 0వ ముక్క బాగుంది. 1వ ముక్కంతా సున్నాలు. 2 ఉంది, 3 లేదు. అచ్చంగా ఒకటి విడిచి ఒకటి. డిస్క్‌లా చూపిస్తున్న అసలు మెమరీని డంప్ చేసి వెతికితే 2వ ముక్క 8192 దగ్గర లేదు, 65536 దగ్గరుంది. భాగిస్తే 8. 4096ని 512తో భాగించినా 8. అప్పుడు లైటు వెలిగింది.

లినక్స్‌లో డిస్క్ రిక్వెస్ట్‌లని డ్రైవర్‌కి అందించే బ్లాక్ లేయర్‌లో డిస్క్ సెక్టార్ ఎంతైనా, డ్రైవర్‌కి అందే సెక్టార్ నంబర్ ఎప్పుడూ 512 బైట్ల లెక్కలోనే ఉంటుంది. కెపాసిటీ కూడా అంతే. ఒకరు మానికల్లో చెబితే ఇంకొకరు కుంచాల్లో రాసుకున్నట్టు, నేను ఆ నంబర్‌ని 4096తో గుణిస్తున్నాను. ఒక రిక్వెస్ట్ మొదలయ్యే చోటు ఎనిమిది రెట్లు దూరం జరుగుతుంది, లోపలి బైట్లు మాత్రం పక్కపక్కనే పడతాయి. రాసిన సైజులోనే చదివితే తప్పు చోటికే వెళ్లి తప్పు లేకుండా తెచ్చుకుంటుంది. సైజు మారితేనే బయటపడుతుంది. కెపాసిటీని 4096 లెక్కలో ఇచ్చేశాను కాబట్టి డిస్క్ ఎనిమిదో వంతుకు కుంచించుకుపోయింది, దాంతో ఎనిమిది రెట్లు జరిగిన ఆఫ్‌సెట్ కూడా మెమరీ దాటకుండా సరిగ్గా లోపలే ఇమిడింది. దొంగకు దొంగ తోడు. ఒక దొంగని పట్టుకోగానే రెండోది మెమరీ దాటి బయటికి దూకింది, ఆ ఊప్స్ అదే.

రెండు చోట్లా 512 లెక్కకి, అంటే 9 బిట్ల షిఫ్ట్‌కి (2ని తొమ్మిదిసార్లు గుణిస్తే 512) మారిపోయాను: సెక్టార్ నంబర్ నుంచి ఆఫ్‌సెట్‌కి ఎడమకి, బైట్ల నుంచి కెపాసిటీకి కుడికి. 4096ని లాజికల్ బ్లాక్ సైజ్ (డిస్క్ సెక్టార్ ఎంతో) చెప్పే ఒక్క చోట మాత్రం ఉంచాను. టెస్ట్‌లో 4096, 8192, 12288 కలిపి రాయడం, వేరే సైజులో చదవడం చేర్చాను. నాలుగో రోజు సాయంత్రానికి ఎక్స్‌టీ4 చెక్‌సమ్‌లన్నీ కలిశాయి.

ప్యాచ్ రివ్యూకి పెడితే మొదటి కామెంట్: "ఈ 9ని ఎందుకు హార్డ్‌కోడ్ చేశారు? సెక్టార్ సైజ్ వేరియబుల్ నుంచి లెక్కకట్టొచ్చు కదా?"