మా వీధి మందుల షాపు

మా అత్తగారికి బీపీ. జలుబు చేస్తే చాలు, "షాపాయన్ని అడిగి ఒక బిళ్ళ తీసుకురామ్మా" అంటారు. ఖమ్మంలో మా వీధి చివరి షాపులో ఉండే ఫార్మసిస్ట్ గారి మాట కాస్త కరుకు. మొన్న జలుబు బిళ్ళ అడిగితే, "బీపీకి ఏం వాడుతున్నారు?" అని ముందు ఆరా తీశారు. ముక్కు దిబ్బడకి వాడే ఫినైలెఫ్రిన్ కలిసిన బిళ్ళలు బీపీని పెంచవచ్చట. ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు ఇచ్చారు. పైగా జలుబు బిళ్ళల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. తెలియక జ్వరానికని డోలో కూడా వేసుకుంటే, అదీ పారాసిటమాలే కాబట్టి, డోసు మీద డోసు. పెద్దవాళ్ళయినా పారాసిటమాల్ అంతా కలిపి రోజుకి 4 గ్రాములు దాటకూడదు.

ఇంతలో పక్కనొకాయన "అజిత్రోమైసిన్ ఇవ్వండి" అన్నాడు. అదొక యాంటీబయాటిక్. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వనన్నారు ఫార్మసిస్ట్ గారు. ఆ పెద్దమనిషి గొణుక్కుంటూ ఎదురు షాపుకి వెళ్ళాడు. అక్కడ దొరికే ఉంటుంది, అది వేరే సంగతి. యాంటీబయాటిక్ అట్ట మీద ఎర్రగీత ఉంటుంది చూడండి, డాక్టరు రాస్తేనే వాడాలని దాని అర్థం.

నేను మాత్రం కౌంటర్లో ఉన్నది ఫార్మసిస్ట్ గారా, సాయంత్రం వచ్చే కుర్రాడా అని చూస్తాను. కుర్రాడైతే చీటీలో ఉన్నది కొనుక్కుని వచ్చేస్తాను, సలహా అడగను.