కాల్లో తగ్గింది, నడుములో పెరిగింది

ఎమ్మారైలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) జారినట్టు కనబడింది ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుము అడుగున. నన్ను ఏడిపించింది మాత్రం నడుము కాదు, ఎడమ కాలు. కుర్చీలో కూర్చున్న కాసేపటికే పిరుదులో మొదలై, తొడ వెనకగా, పిక్క మీదుగా చిటికెన వేలి దాకా జివ్వున లాగేది. తుమ్ము వస్తోందంటే ముందు చేతికందిన గోడనో బల్లనో గట్టిగా పట్టుకునేదాన్ని. లేచి నిలబడ్డాక కాసేపు ఒక పక్కకి ఒరిగిపోయే నడిచేదాన్ని. నడుస్తుంటే కొంత నయం, కూర్చుంటే నరకం.

డాక్టరు ఫిల్ము చూడకముందే మునివేళ్ల మీద, తర్వాత మడమల మీద నడిపించారు. మూత్రం మీద అదుపు తప్పుతోందా, తొడల మధ్య మొద్దుబారినట్టు ఉంటోందా అని అడిగారు. ఆ లక్షణాలు ఉంటే ఒక్క రోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాలట. నాకు లేవు కాబట్టి ఆపరేషన్‌కి తొందరేం లేదన్నారు. రిపోర్టులో ‘అరుగుదల’, ‘ఉబ్బు’, ‘నరంపై ఒత్తిడి’ అని చదివి నేను సగం చచ్చాను. ఆయన మాత్రం 1994లో వచ్చిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. నడుము నొప్పే లేని 98 మందికి స్కాన్ తీస్తే, 52 శాతం మందికి కనీసం ఒకచోట డిస్క్ ఉబ్బి కనబడిందట. నా విషయంలో బొమ్మకీ నొప్పికీ పొంతన కుదిరింది గానీ, చాలామందికి కుదరదు. రిపోర్టు కాగితం పట్టుకుని బెంగపడేవాళ్లకి ఈ సంగతి ముందే ఎవరైనా చెప్తే బాగుండును.

ఫిజియోథెరపీ అంటే వేడి కాపడం, కరెంటు పెట్టడం అనుకుని వెళ్లాను. ఫిజియో ఆ మెషీన్ల వైపే చూడలేదు. నిలబెట్టి ముందుకి వంగమన్నారు, ఒకసారి కాదు, వరసగా చాలాసార్లు. వంగిన కొద్దీ పిక్కలో లాగుడు ఎక్కువైంది. సరే, బోర్లా పడుకోండి అన్నారు. కాసేపయ్యాక మోచేతుల మీద లేవమన్నారు. తర్వాత అరచేతులు నేలకి ఆనించి ఛాతీని పైకెత్తమన్నారు, తుంటి మాత్రం కదలకూడదు.

"ఎలా ఉంది?"

"నడుములో ఇంకా ఎక్కువైందండీ."

"పిక్కలో?"

చూసుకుంటే అక్కడ లేదు. తొడ దాకా వచ్చి ఆగింది.

"అయితే మనం సరైన దారిలోనే ఉన్నాం. నొప్పి కిందికి దిగితే ఆపేయండి. పైకి వస్తుంటే, నడుములో ఎక్కువైనా సరే, చేయండి."

ఈ పద్ధతికి మూలపురుషుడు న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ. 1956లో కాలి నొప్పితో వచ్చిన ఒక రోగి, తలవైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడట. మెకెంజీ వచ్చి చూసి హడలిపోతే, ఆ మనిషేమో కాలు చాలా వారాల తర్వాత ఇప్పుడే హాయిగా ఉందన్నాడట. నొప్పి కాలిని వదిలి వెన్ను మధ్యకి చేరడం మంచి సూచన అని ఆయన అక్కణ్నుంచే పట్టుకున్నాడు.

ఇంట్లో పగలంతా రెండు మూడు గంటలకోసారి పదేసి చొప్పున చేయమన్నారు. దీంట్లో కిటుకు ఒక్కటే: పని చేతులది, నడుముది కాదు. పైకి లేచాక ఊపిరి పూర్తిగా వదిలి పొట్టని నేల వైపు జారవిడవాలి. నేను మొదట్లో పిరుదులు బిగబట్టేసేదాన్ని. ఫిజియో వేలితో పొడిచి "ఇది వదలండి" అనేవారు. అది వదిలాక మోచేతులు పూర్తిగా చాపగలిగాను.

వ్యాయామం కంటే కష్టమైంది వంగడం మానుకోవడం. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకని నిద్ర లేచిన మొదటి గంట అసలు వంగొద్దన్నారు. పళ్లు తోముకుని ఉమ్మడం, కింద పడ్డ దువ్వెన తీయడం, చెప్పు పట్టీ పెట్టుకోవడం: మనిషి పొద్దున్నే ఇన్నిసార్లు వంగుతాడని ఎవరికి తెలుసు! వీపు వెనక నిలువుగా కర్ర పెట్టి వంగడం మళ్లీ నేర్పించారు. తల, వీపు పైభాగం, వెన్ను చివర మూడూ కర్రకి తగిలే ఉండాలి, మడత తుంటి దగ్గరే పడాలి. అద్దం ముందు చేస్తే తెలిసింది, నాకు తుంటి దగ్గర వంగడమే రాదని.

మంచం మీద పడుకోమని ఇంట్లో అందరూ ఒకటే పోరు. నేను నడక మానలేదు. కాలు నొప్పి వదిలాక మోకాళ్లు, చేతుల మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం, పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్లు నిలపడం చేర్చారు. కరెంటు కూడా ఒకటి రెండుసార్లు పెట్టారు. హాయిగానే ఉంది, ఇంటికొచ్చేసరికి ఆ హాయి పోయింది. మధ్యలో ఒక సుదీర్ఘ ప్రయాణం చేస్తే నొప్పి మళ్లీ పిక్కలోకి దిగింది. ఈసారి కంగారు పడలేదు, నేల మీద దుప్పటి పరిచి బోర్లా పడుకున్నాను. రెండు రోజుల్లో వెనక్కి వెళ్లింది.

నన్ను చూసి మా మావయ్య కూడా మొదలుపెట్టబోతే ఆపాను. ఆయన తీరు వేరు: నడిస్తే కాళ్లు బరువెక్కుతాయి, కూర్చుని ముందుకి వంగితే తేలికవుతాయి. వయసుతో వెన్నులో నరాలు వెళ్లే దారి ఇరుకైన వాళ్లకి సాధారణంగా అలాగే ఉంటుందట, వెనక్కి వంగితే అది ఇంకా బిగుస్తుంది. ఫిజియో ఆయనతో వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి హత్తుకోమన్నారు, నాకు చెప్పినదానికి సరిగ్గా తిరగేసి.