పక్కనున్న ఆ పట్టీ

పదకొండు దాటింది, ఇల్లంతా నిద్రపోయింది, నాకేమో కళ్లు మూసుకుంటే బాత్రూంలో ఆ పట్టీయే కనిపిస్తోంది. వాష్‌బేసిన్ కింద కప్‌బోర్డ్ బిగించడం సాయంత్రానికి అయిపోయింది. బావుంది. నిజంగానే బావుంది, లేతాకుపచ్చ లామినేటు, కింద నేల కడుక్కోడానికి పది అంగుళాల ఖాళీ. కానీ కార్పెంటరు ఎడమవైపు గోడకీ కప్‌బోర్డ్ తలుపుకీ మధ్య నిలువునా ఒక చెక్క పట్టీ పెట్టాడు. కింద అంగుళంన్నర, పైకొచ్చేసరికి అంగుళం. నేను గళ్ల కాగితం మీద గీసిచ్చిన బొమ్మలో అలాంటిదేం లేదు. గోడ నుంచి గోడకి అని చెప్పాను, చెప్తే చెప్పినట్టు చెయ్యరేంటో.

అడిగితే "గోడ ఒంకరగుంటే నానేటి సేస్తానమ్మా" అన్నాడు. మూలమట్టం తెచ్చి మూలలో పెట్టి చూపించాడు కూడా, ఒకవైపు ఆనింది, రెండోవైపు వేలు దూరేంత సందు. అది టైల్స్ మేస్త్రీ పుణ్యం అన్నాడు. మేస్త్రీకి ఫోన్ చేస్తే, పాత ప్లాస్టరింగే అలా ఉందండీ, బిల్డర్ని అడగండి అన్నాడు. ఈ బిల్డింగు కట్టినాయన ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? ఈయనేమో "బాత్రూంలో పట్టీని ఎవరు చూస్తారే" అని టీవీ సౌండు పెంచుకున్నారు. నేను చూస్తానండీ, రోజూ పొద్దున్నే బ్రష్ నోట్లో పెట్టుకుని దాన్నే చూస్తాను.

ఈ కప్‌బోర్డ్ గురించి నేను పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ప్లైవుడ్ షాపులో ఏది చూపించమన్నా "వాటర్‌ప్రూఫే మేడమ్" అంటారు. షీటు మీద ఐఎస్ఐ ముద్ర చూసుకోవాలి. ఐఎస్ 303 అంటే మామూలు వాడకానికి, ఐఎస్ 710 అంటే నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లై, ముక్కని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారట. ముద్ర ఫోటో తీసుకున్నాకే డబ్బులిచ్చాను. మనవి పొడి బాత్రూములు కావు కదా, బకెట్లూ మగ్గులూ, ఆపైన మా చిన్నది స్నానానికి వెళ్తే సీలింగు కూడా తడుస్తుంది. అయినా ప్లై ఉబ్బడం మొదలయ్యేది కోసిన అంచు దగ్గరేనట. వెనకపలకలో పైపుకీ, బేసిన్‌కి నీళ్లొచ్చే చిన్న కుళాయి యాంగిల్ కాక్‌కీ కన్నాలు చేశాక, కార్పెంటరు ఆ కన్నాల అంచు చుట్టూ వేలితో ఫెవికాల్ మెరైన్ అనే తడికి తట్టుకునే జిగురు పూశాడు, ఆరాక గోటితో గీకి చూసి మళ్లీ ఇంకో పూత. నేనేం చెప్పలేదు, తనంతట తనే. అంత పనిమంతుడు ఆ పట్టీ ఎందుకు పెట్టాడా అని ఇంకా మంట.

అన్నట్టు కొత్త అద్దం మీద అత్తయ్య అప్పుడే ఒక బొట్టుబిళ్ల అంటించేశారు. నాకు విశాఖ స్టీల్‌ప్లాంట్ వాళ్ల ఉక్కునగరంలో మా క్వార్టర్ గుర్తొచ్చింది. అక్కడ బాత్రూం సామానంటే గులాబీరంగు ప్లాస్టిక్ పెట్టె ఒక్కటే, తలుపుకి అద్దం, లోపల రెండు అరలు, మేకుకి వేలాడుతూ ఉండేది. నాన్న రేజరు, పటిక ముక్క, వంగిపోయిన పేస్టు ట్యూబు, అన్నీ అందులోనే. అద్దం నిండా అమ్మ బొట్టుబిళ్లలు. నాన్న గడ్డం గీసుకుంటుంటే నేను గుమ్మం దగ్గర నించునేదాన్ని, నా ఎత్తు నుంచి చూస్తే ఆ ఎర్రబిళ్ల సరిగ్గా నాన్న నుదుటి మీదకి వచ్చేది. నేను నవ్వితే ఆయనకెందుకో అర్థమయ్యేది కాదు, ఆ నురగ మొహంతోనే కసిరేవారు. ఒకసారి మేకు తుప్పుపట్టి విరిగి పెట్టె మొత్తం బకెట్లో పడింది, నాన్న సీ షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, చేసొచ్చి అప్పుడే పడుకున్నారు, ఆ చప్పుడికి లేచి వచ్చి ఎవర్ని తిట్టాలో తెలీక మేకుని తిట్టారు. అద్దం ముక్కని కిటికీ చువ్వల మధ్య పెట్టి చాలా ఏళ్లు వాడాం. ఎవరూ దాని కొలతలు తియ్యలేదు.

ఇందాక మంచినీళ్లకని లేచి, లైటేసి ఆ కప్‌బోర్డ్ తలుపు తీసి చూశాను. పూర్తిగా తెరుచుకుంది, హ్యాండిల్ టైలుకి తగల్లేదు. లోపల సొరుగు లాగితే తలుపుని రాసుకోకుండా బయటికొచ్చింది, బేసిన్ కింది నీళ్లు పోయే బాటిల్ ట్రాప్ కోసం వెనక యూ ఆకారంలో కోశాడే, ఆ సొరుగు. పట్టీ లేకపోతే హ్యాండిల్ గోడకి కొట్టుకుని తలుపు పూర్తిగా తెరుచుకునేది కాదు, సొరుగు లోపలే ఇరుక్కునేది. అంటే గోడ తిన్నగా ఉన్నా అది ఉండాల్సిందే, వంకర గోడ వల్ల కింద వెడల్పూ పైన సన్నమూ అయింది అంతే. మరి ఆ మాట చెప్పొచ్చుగా! గోడనీ మేస్త్రీనీ అనే బదులు తలుపు తీసి చూపిస్తే నేనూ ఇంత రాద్ధాంతం చేసేదాన్ని కాదు. సరే, పట్టీ ఉండనీ. దాని పక్కన సందు మూసే సిలికాన్ మాత్రం తెల్లది పెట్టొద్దనాలి.

ఇప్పుడు గుబులంతా తలుపు తిరిగే హింజిల మీదకి మళ్లింది. మాది బీచ్ దగ్గర, ఉప్పుగాలికి ఇనప వస్తువేదీ నిలవదు, అందుకే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలని ముందే చెప్పాను. అట్టపెట్టెలు చూపించకుండానే బిగించేశాడు. 304 స్టీలుకి అయస్కాంతం దాదాపు అంటుకోదట కదా అని ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకుని బాత్రూంకి బయల్దేరుతుంటే ఈయన సగం నిద్రలో "లోపలి స్ప్రింగుకి ఎలాగూ అంటుకుంటుందే, పడుకో" అన్నారు. రేపు బిల్లే అడుగుతాను.