ఎంబీఏ లెక్కలు ముందు మన మీదే వేసుకోవాలి

హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఎంబీఏ చదివేవాళ్లకు గుబులు రెండుసార్లు పట్టుకుంటుంది. మొదటి సెమిస్టర్‌లో అకౌంట్స్ చూసి ఒకసారి, మూడో సెమిస్టర్ దాటాక ‘తర్వాత ఏంది?’ అని ఇంకోసారి. రెండోదానికి కావాల్సిన పనిముట్లు మొదటిదాంట్లోనే ఉంటాయి. కాకపోతే వాటిని పరీక్షతోనే వదిలేస్తాం.

బీఎస్సీ, బీటెక్ నుంచి వచ్చినవాళ్లు డెబిట్, క్రెడిట్ సూత్రాలను బట్టీ పడతారు. దానికంటే వాడకట్టు కిరాణం దుకాణం మేలు. 500 రూపాయల బియ్యం ఉద్దెరకిస్తే గల్లాలోకి పైసా రాలేదు, అయినా అమ్మకం అయిపోయింది. బాకీదారు ఖాతాకు డెబిట్, అమ్మకాలకు క్రెడిట్. వారం తర్వాత ఆయన 300 కడితే నగదుకు డెబిట్, ఆయన ఖాతాకు క్రెడిట్, అంతే. ఈ బాకీ కట్టిన రోజున అమ్మకాలను మళ్లీ ముట్టుకోవడమే చాలామంది చేసే తప్పు. లాభం వేరు, గల్లాలో పైసలు వేరు అని ఇక్కడ తెలిస్తే తర్వాత నగదు రాకపోకలు చూపే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ దగ్గర తడబాటు ఉండదు.

ఫైనల్ అకౌంట్స్‌లో బ్యాలెన్స్ షీట్ కలవకపోతే మొదటి నుంచి తిరగరాయకండి. తేడా అంకెను చూడండి. మార్చి జీతం 8,000 ఇంకా ఇవ్వలేదనే సర్దుబాటు రెండు చోట్లకు వెళ్లాలి: లాభనష్టాల ఖాతాలో జీతాలకు కలపాలి, బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు చూపాలి. తేడా సరిగ్గా 8,000 ఉంటే ఒక చోట మర్చిపోయారు. 16,000 ఉంటే అప్పుల వైపు రాయాల్సింది ఆస్తుల వైపు రాశారు. తేడా 9తో భాగిస్తే శేషం లేకుండా పోతోందా? 540 బదులు 450 రాసినట్టు ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమో వెతకండి.

ఇక ప్రాజెక్టు. ‘వినియోగదారుల సంతృప్తిపై అధ్యయనం’ అని వంద గూగుల్ ఫామ్‌లు, అందులో సగం క్లాస్‌మేట్లు నింపినవే. దాని మీద చై-స్క్వేర్, అంటే రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో చూసే గణాంక పరీక్ష. ఐదు రకాల జవాబులు, నాలుగు వయసు వర్గాలు అంటే 20 గడులు. వంద మందిని పంచితే గడికి సగటున ఐదుగురే. చాలా గడుల్లో ఊహించిన సంఖ్య 5 కంటే తగ్గుతుంది, ఆ ఫలితాన్ని నమ్మలేం. ‘ఒప్పుకుంటా’, ‘గట్టిగా ఒప్పుకుంటా’ లాంటివి కలిపేస్తే కొంత నయం. అసలు వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ పక్కనే పెట్టుకుని ఈ తిప్పలెందుకో. మార్కెట్ ధరలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ఏ రోజు ఎంత సరుకు వచ్చిందో, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన) ధరలు ఎంతో ఉంటాయి. మూడేళ్ల మిర్చి ధరలు ఎక్సెల్‌లోకి తీసుకుని ఒకే ప్రశ్న వేయండి: మార్చిలో అమ్మడం మేలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగస్టులో అమ్మడం మేలా? అద్దె, తగ్గే తూకం, అప్పు మీద వడ్డీ ఎంతో అడ్తి దుకాణంలో అడిగితే చెప్తారు. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు మాట్లాడటానికి సరిపోయే సరుకు ఇది.

ఇప్పుడు ఆఫర్ లెటర్. సీటీసీ (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 3,60,000 అనగానే ఇంట్లో నెలకు ముప్పై వేలని చెప్పేస్తాం. విడగొట్టి చూడండి. టార్గెట్‌తో ముడిపడ్డ వేరియబుల్ 60,000 అనుకుందాం, దాన్ని పక్కన పెట్టండి. మిగిలిన 3,00,000లో బేసిక్ నెలకు 12,000 అయితే, కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున ఏడాదికి 17,280. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, దాదాపు 6,926. బీమా 6,000. ఇవన్నీ పోతే నెలకు 22,483. అందులోంచి మన వాటా పీఎఫ్ 1,440, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 20,843. హైదరాబాద్‌లో హాస్టల్‌కు 7,000, తిరగడానికి, పై ఖర్చులకు 5,000 వేసుకుంటే మిగిలేది తొమ్మిది వేల లోపే. ఇంటి నుంచి వెళ్లి వచ్చే వరంగల్ ఉద్యోగంలో చేతికి 15,000 వచ్చి, ఖర్చు 4,000 అయితే దీనికంటే ఎక్కువే మిగులుతుంది. హైదరాబాద్ వద్దని కాదు. అక్కడ రెండేళ్లకు జీతం ఎంతకు పెరగాలో ముందే కాగితం మీద ఉండాలి. ‘రిలేషన్‌షిప్ ఎగ్జిక్యూటివ్’, ‘బిజినెస్ డెవలప్‌మెంట్’ అని ఉంటే అది సేల్స్ ఉద్యోగమనే అనుకుని, నెల టార్గెట్ ఎంత, అందుకోకపోతే ఏం చేస్తారు అని హెచ్‌ఆర్‌ను నేరుగా అడగండి.

గ్రూప్స్ రాస్తామంటే మునిగిపోయిన ఖర్చు (ఇక తిరిగిరాని ఖర్చును చూసి కొత్త నిర్ణయం తీసుకోవద్దనే) పాఠం గుర్తుంచుకోవాలి. 2022లో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది, 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వేయాల్సి వచ్చింది. ఇలాంటి ఆలస్యం అభ్యర్థి చేతుల్లో లేదు. ఆగే తేదీ మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఇన్ని అటెంప్టులు, ఫలానా నెల వరకు అని మొదలుపెట్టక ముందే రాసుకోండి. ఇప్పటికే రెండేళ్లు పెట్టాం కదా అన్నది మూడో ఏడు కూర్చోవడానికి కారణం కాదు.

ఏదీ తేలనివాళ్లు ఊళ్లోనే ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో రెండు నెలలు కూర్చోవచ్చు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఎంట్రీలు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పుస్తకాలు సరిచూడటం, జీఎస్టీ రిటర్నులు చేతికి పట్టుబడతాయి. అడగడానికి వెళ్లే రోజు మాత్రం చూసుకోండి. నెలనెలా ఫైల్ చేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు 11, పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీ గడువు 20. పదో తేదీనో పందొమ్మిదినో పోతే తలెత్తి చూసేవాళ్లు కూడా ఉండరు. 22 దాటాక, మధ్యాహ్నం పూట వెళ్లండి.