పది అడుగుల దారి ఎక్కడికి పోయింది?

బెంగళూరులో వర్తూరు దగ్గర మేము అద్దెకుంటున్న వీధిని మొన్న ఆదివారం టేపు పట్టి కొలిచాను. ఇంటి ఓనరు దగ్గరున్న లేఅవుట్ ప్లాను జిరాక్సులో అది 30 అడుగుల దారి. నేల మీద మాత్రం 20 అడుగులకు రెండు అంగుళాలు తక్కువే వచ్చింది. ఆ వెడల్పులోనే ఒక పక్క కార్లు, ఇంకో పక్క కరెంటు స్తంభాలు ఉంటాయి కనుక, నీళ్ల ట్యాంకరు లోపలికి వచ్చిన రోజున స్కూలు వ్యాను వీధి మొదట్లోనే ఆగిపోతుంది.

పోయిన పది అడుగుల లెక్క కష్టమైనదేమీ కాదు. ఇక్కడ పొలాన్ని గుంటల్లో కొలుస్తారు. 40 గుంటలు ఒక ఎకరం, అంటే 43,560 చదరపు అడుగులు. అందరూ అడిగేది ముప్పై బై నలభై సైటు. సైట్లు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఒక్కో సైటు తన ముందున్న దారిలో సగాన్ని మోయాలి. దారి 30 అడుగులైతే సైటుకు 1,650 చదరపు అడుగులు పోయి ఎకరానికి 26 సైట్లు వస్తాయి. 20 అడుగులైతే 1,500 చొప్పున 29 వస్తాయి. ఆ మూడు సైట్ల సొమ్ము కోసమే మా దారి కుంచించుకుపోయింది. పార్కు, బడి, మురుగు కాలువ ఈ లెక్కలోకే రాలేదు.

సాగుభూమిలో ఇళ్లు కట్టాలంటే 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం ప్రకారం కన్వర్షన్, అంటే వ్యవసాయేతర వాడకానికి మార్పు, కావాలి, ఆపైన లేఅవుట్‌కు అనుమతి కావాలి. ఈ రెండూ లేకుండా అమ్మినవాటినే ఇక్కడ రెవెన్యూ సైట్లంటారు. నగరపాలికలో వాటికి ఇన్నాళ్లూ దొరుకుతూ వచ్చింది బి ఖాతా, అంటే పన్ను పుస్తకంలో రెండో రకం నమోదు. పన్ను కట్టే వీలుండేది గానీ, ప్లాను మంజూరు, బ్యాంకు లోను అనేసరికి చిక్కులు మొదలయ్యేవి. కొన్నవారిని నేను తప్పుపట్టలేను. 2001లో 65 లక్షలున్న బెంగళూరు అర్బన్ జిల్లా జనాభా 2011కి 96 లక్షలు దాటింది. బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ (బీడీఏ) ఇచ్చే సైటు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఓపిక, స్తోమత ఎందరికుంటాయి? 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం తలపెట్టిన కావేరి తాగునీటి పథకం ఐదో దశ ప్రారంభమైంది 2024 అక్టోబరులో. ఇళ్లు ముందొచ్చాయి, నీళ్లు పదిహేడేళ్ల తర్వాత బయలుదేరాయి.

ఇల్లు ఏ రూపంలో ఉంటుందో కూడా చేతికి చిక్కిన భూమే నిర్ణయిస్తుందని ఇన్నేళ్లుగా చూస్తూ నాకు కుదిరిన అభిప్రాయం. ముప్పై బై నలభైలో ఓనరు ఒక అంతస్తు ఉంచుకుని మిగతావి పోర్షన్లుగానో, పీజీగానో అద్దెకిస్తాడు. అన్నదమ్ములు కలిసి ఎకరమో రెండెకరాలో ఇస్తే అక్కడ అపార్ట్‌మెంటు లేస్తుంది. పదెకరాలు ఒక్కచోట కూడితే ప్రహరీ గోడ, గేటు, లోపల విల్లాలు వస్తాయి.

అలా పెద్ద భూమి చెక్కలు దొరికే చోటు చాలాసార్లు చెరువు కింది మడి. బెళ్లందూరు చెరువు నిండితే నీరు వర్తూరు చెరువులోకి, అక్కడి నుంచి దక్షిణ పినాకిని నదిలోకి పోవాలి. ఆ నీటికి బాట రాజకాలువలు. వాటిని కుదించి, పల్లంలో మట్టి పోసి కట్టిన ఫలితమేమిటో 2022 సెప్టెంబరులో యమలూరు విల్లాల వారు పడవలు, ట్రాక్టర్లు ఎక్కి బయటపడినప్పుడు దేశమంతా చూసింది. ఈ పాత ఊళ్లలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా ఓనరు పెద్దాయనదీ అలాంటి ఇల్లే. ఆ వారం మేడ మీద నిలబడి నాతో అన్నాడు: "అదంతా మడి కదప్పా. వాన పడితే నీళ్లు ఆడికి కాక ఇంకేడికి పోతాయి?"

మా వీధి చివర ఇంకా ఒక రాగి చేను మిగిలి ఉండేది. పోయిన నెల దాన్ని చదును చేసి, తెల్ల సున్నం పూసిన హద్దురాళ్లు పాతారు. టేపు చేతిలోనే ఉంది కాబట్టి ఆ రాళ్ల మధ్య దారినీ కొలిచాను. 18 అడుగులు.