తలుపు సరిగ్గా పడుతుందా?

పన్నెండు దాటింది. కార్థేజ్ జైలు తలుపు నన్ను పడుకోనివ్వడం లేదు.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూ చూద్దామన్నది ఈయన ఆలోచనే. 1839లో మార్మన్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు మిసిసిపీ నది వంపులో వచ్చి స్థిరపడి, 1846 ఫిబ్రవరి చలిలో వదిలి నది దాటడం మొదలుపెట్టిన ఊరు. చూడదగినదే, కాదనను. కానీ ఈయనతో యాత్ర సంగతి మీకు తెలిసిందే. కమ్మరి కొట్టుకు పావుగంట, రొట్టెల కొట్టుకు పది నిమిషాలు, ఇటుకల బట్టీకి అయిదు. బట్టీలో కుటుంబానికి ఒకటి చొప్పున అరచేతిలో ఇమిడే ఇటుక ఇచ్చారు. పిల్లలు ఇద్దరు, ఇటుక ఒకటి. కార్లో ఆ తర్వాతి అరగంట ఎలా గడిచిందో రాయను. పైగా అమ్మకు నాలుగింటికి టీ పడకపోతే తలనొప్పి. మార్మన్లు టీ కాఫీలు ముట్టరని వారం ముందే చెప్పాను. అయినా ఫ్లాస్కు వంటింటి బల్ల మీదే ఉండిపోయింది. ఎవరు మరిచిపోయారో ఈయన్నే అడగండి.

చివరగా, దగ్గర్లోని కార్థేజ్ ఊళ్ళో పాత జైలు. పై గదిలో ఒక పెద్దావిడ తలుపు చూపించి చెప్పింది: 1844 జూన్ 27 సాయంత్రం గుంపు మెట్లెక్కి వస్తుంటే లోపలున్న మార్మన్ నాయకులు ఆ తలుపును ఒంటి బలంతో నెట్టి పట్టుకున్నారట. తూటా చెక్కను చీల్చుకుని హైరమ్‌కు తగిలింది. అతని తమ్ముడు, మార్మన్ మతాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్, తూటాలు తగిలి కిటికీలోంచి కిందపడి చనిపోయాడు. తలుపులో ఆ చిల్లు ఇప్పటికీ ఉంది.

"ఆ తలుపు ఇప్పుడు సరిగ్గా పడుతుందేమో అడుగు" అంది అమ్మ.

కింద ఈయన తాళాలు ఆడిస్తున్న చప్పుడు. "పదమ్మా, చీకటి పడుతోంది" అన్నాను. అంతే. దారంతా అమ్మ మాట్లాడలేదు. టీ లేక అనుకున్నాను.

శ్రీశైలం నీళ్ళు ఊరి మీదికి వచ్చినప్పుడు తాతయ్య గుమ్మం, తలుపులు ఊడదీయించి బండి మీద వేయించుకున్నాడు. కొత్త ఇల్లు అగ్గిపెట్టంత. గుమ్మం పట్టక ఒక పక్క చెక్కారు. దాంతో తలుపు ఏనాడూ పూర్తిగా పడలేదు. రాత్రిళ్ళు అమ్మమ్మ వెనకాల రోకలి ఆనించేది. వేసవి సెలవుల్లో నేను అక్కడే పడుకుంటే వీధి కుక్క ఆ సందులో ముక్కు పెట్టి వాసన చూసేది. మామయ్య కొత్త తలుపు చేయిస్తానన్న ప్రతిసారీ తాతయ్య అన్నం దగ్గర నుంచి లేచిపోయేవాడు.

నావూ ఆలయం 1848లో ఎవరో పెట్టిన నిప్పుకు కాలింది, 1850లో సుడిగాలికి కూలింది. 2002లో అక్కడే మళ్ళీ కట్టారు. వెయ్యి మంది ఉన్న ఊరికి ఇంత గుడా, అదీ మనల్ని లోపలికి రానివ్వనిది, అని పొద్దున నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. అలాగని గుడి కట్టుకోవడమే గొప్ప అనలేను. మన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ రాయి రాయి విప్పి ఆలంపురం చేర్చారు. ఇళ్ళను ఎవరు మోశారు? వీళ్ళు ఇళ్ళు కూడా నిలబెట్టుకున్నారు. పావుగంట చొప్పున చూసి వచ్చింది మేమే.

పొద్దున టీ పెట్టి, అడగలేదని అమ్మతో చెప్పేయాలి. ఫ్లాస్కు ఇంకా బల్ల మీదే ఉంది.