డైటింగని పల్లీలు బుక్కేటోళ్లకు

మా పాలమూరుల ఇప్పుడు ఎవర్ని కదిలించినా డైటే. పొద్దుగాల స్టేడియం గ్రౌండ్‌ల రౌండ్లు కొట్టేటోళ్లు, అన్నం బందు పెట్టినమని చెప్పుకునేటోళ్లు, గానుగ నూనె తప్ప వేరేది ముట్టమనేటోళ్లు, చాయ్‌ల చక్కెర బదులు బెల్లం ఏస్కునేటోళ్లు, అందరూ మనోళ్లే. మంచిదే, నేను కాదంటలేను. కానీ కొన్ని నెలలైనంక ఏదన్న ఫంక్షన్‌ల కలిస్తే అందరిదీ ఒకటే ఏడుపు, "ఏం తింటలేను వదినా, అయినా కిలో గూడ తగ్గుతలేను" అని. సరే, అన్నం బందు పెట్టి దాని జాగల ఏం తింటున్నవో చెప్పు అని కూసోబెట్టి అడిగితే అప్పుడు లిస్టు బయటికొస్తది. పరగడుపున తేనె నీళ్లు, టిఫిన్‌కు రాగి ఇడ్లీ, పదకొండు గంటలకు గుప్పెడు పల్లీలు, మధ్యాహ్నం కొర్రల పులిహోర, సాయంత్రం నువ్వుల లడ్డు ఒకటి, నాలుగు ఖర్జూరాలు, వాకింగ్ అయినంక ఓ గ్లాసు జూసు.

ఇండ్ల చెడ్డది ఒక్కటన్న ఉందా? లేదు. అసలు తిప్పలంతా ఆడ్నే ఉంది. మిర్చి బజ్జీలు రెండు తింటే పాపం చేసినట్టు ఫీలై రాత్రి అన్నం మానేస్తం, మంచి తిండి అని పేరు పడ్డదానికి మాత్రం లెక్కా పత్రం ఉండదు, డబ్బా పక్కన పెట్టుకొని టీవీ చూసుకుంట బుక్కుడే.

లెక్క పెద్దదేం కాదు, మా చిన్నోడి సైన్సు పుస్తకంల ఉండేదే. పిండి పదార్థం గ్రాముకు 4 కేలరీలు, ప్రొటీన్ గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9. ఆ కొవ్వు బజ్జీల నుంచి వచ్చినా, పల్లీల నుంచి వచ్చినా, బాదం నుంచి వచ్చినా అదే 9. విటమిన్లు, పీచు, ప్రొటీన్ అన్నీ వేరే సంగతి, వాటికి నూటికి నూరు మార్కులేద్దాం, కానీ ఆ మార్కులు చూసి కేలరీలు తగ్గవు.

ఫస్టు పల్లీల గురించి మాట్లాడాలె, ఎందుకంటే మన ఉమ్మడి జిల్లా పంటే అది. వనపర్తి, అచ్చంపేట, గద్వాల దిక్కు యాసంగిల పల్లి చేన్లే చేన్లు, మార్కెట్ల కుప్పలు పోస్తరు, ఇంటింట్ల డబ్బా నిండా ఉంటయి. 100 గ్రాముల పల్లీలకు 550 కేలరీల పైన ఉంటయి, అండ్ల సగం దాకా నూనే మరి, నూనె గింజ అని అందుకే అంటరు. ప్రొటీన్ గూడ 25 గ్రాముల దాకా ఉంటది, అందుకే జిమ్ముకు పోయే పోరలు పేదోని బాదం అని ఎగబడుతున్నరు. ఓ చిన్న గుప్పెడు అంటే 30 గ్రాములేసుకుందాం, అయినా 170. ఆ గుప్పెడు కాడ ఆగేటోళ్లు నాకైతే ఇంతవరకు కనవళ్లే. క్రికెట్ మ్యాచ్ పెట్టుకొని ఏంపిన పల్లీలు ముంగట పెట్టుకుంటే పావు కిలోల సగం ఎట్ల పోతదో తెల్వదు, అంటే 700 కేలరీలు. వండిన అన్నం 100 గ్రాములకు 130 ఉంటది, మీరే భాగించుకోండి, అర కిలో దాటిన అన్నం అది. అన్నం బందు పెట్టినోళ్లు టీవీ ముంగట కూసోని అర కిలో అన్నం తిన్నట్టే కదా. ఉడకబెట్టిన పల్లికాయలైతే జర నయం, నీళ్లుంటయి కాబట్టి గింజలు 100 గ్రాములకు 300 చిల్లరే ఉంటది, పైగా పొట్టు ఒలుచుకుంట తినాలె కాబట్టి చెయ్యి నిదానమైతది.

ఇక్కడ ఓ చిత్రమైన సంగతి గూడ ఉంది. 2012ల అమెరికా వ్యవసాయ శాఖ సైంటిస్టులు బాదం పలుకుల మీద పరీక్ష చేసిండ్రు. డబ్బా మీది లెక్క ప్రకారం 28 గ్రాములకు 170 రావాలె గాని, మనిషి ఒంటికి పట్టేది 129 దాకానే అని తేలింది. ఎందుకంటే గట్టి పలుకును మనం ఎంత నమిలినా కొంత నూనె ఆ గింజ కణాల్లనే ఉండి అట్లనే బయటికి పోతది. తర్వాత వాళ్లే బాదం మెత్తగ రుబ్బిన ముద్ద పెట్టి చూస్తే ఆ తేడా లేకుంట పోయింది, మొత్తం పట్టింది. ఇది చదివినంక నాకు ఫస్టు యాదికొచ్చింది మన పల్లీ చట్నీ.

చట్నీ సంగతి ఎవరూ లెక్కల పట్టరు. రెండు చిన్న ఇడ్లీలంటే 100, 120 కేలరీలు, ఆవిరి మీద ఉడికినయి, నూనె చుక్క లేదు, డైటోళ్లకు దానికంటే మంచి టిఫిన్ లేదు. కానీ దాని పక్కన కప్పు నిండా చిక్కటి పల్లీ చట్నీ, పైన పోపు, మళ్ల "అన్నా, ఇంకొంచెం చట్నీ" అని రెండోసారి. ఒక్క కప్పుల 30 గ్రాముల పల్లీలు పడ్డా ఇడ్లీల కంటే చట్నీకే ఎక్కువ లెక్క అయితది. ఇడ్లీ రాగిదా, రవ్వదా అని అంత ఆలోచన చేసేటోళ్లు చట్నీ గిన్నె దిక్కు సూడరు. మా ఇంట్ల నేనైతే చట్నీల సగం పల్లీలు తీసేసి వేంచిన బీరకాయ పొట్టు, టమాట ఏస్తున్న, ఫస్టు రెండ్రోజులు మా ఆయన మొఖం చిట్లించిండు, ఇప్పుడు సప్పుడు చేస్తలేడు.

గానుగ నూనె గురించి చెప్తే కొంతమందికి కోపమొస్తది. కండ్ల ముంగటనే గానుగ ఆడించి సీసాల పోసిస్తరు, వాసన గుమగుమ, ధర మామూలు నూనె కంటే మస్తు ఎక్కువ. రుచి సంగతి నేనూ ఒప్పుకుంట. కానీ పెద్ద చెంచాడుకు 120 కేలరీలు, రిఫైండ్‌ది కూడా అంతే, నెయ్యి గూడ దాని దగ్గర్నే. మంచి నూనె కదా అని చెయ్యి ఒలకబోస్తే ఏం లాభం. ఇంట్ల తలా నెలకు లీటరు నూనె పడుతుందంటే మనిషికి రోజుకు 30 గ్రాములు, అంటే 270 కేలరీలు కూరల్లకెల్లే పోతున్నయి. రెండు పెద్ద రొట్టెల లెక్క అది.

ఇంగ చిరుధాన్యాలు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించినప్పటి సంది పెద్ద రోడ్డు మీద మిల్లెట్ టిఫిన్ సెంటర్లు మొలుస్తనే ఉన్నయి. హైదరాబాద్ తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్లు 2017ల మన దేశంల తినే తిండ్లన్నిటి పట్టిక అచ్చేసిండ్రు. అండ్ల 100 గ్రాముల తెల్ల బియ్యానికి 356 కేలరీలు, సజ్జలకు 348, జొన్నలకు 334, రాగులకు 321. చూసిండ్రు కదా, తేడా ఎంత? పదో వంతు గూడ సరిగ్గ లేదు. పీచు దగ్గరైతే తేడా గట్టిగనే ఉంది, బియ్యంల 3 గ్రాములు గూడ ఉండదు, జొన్నలు, సజ్జలు, రాగుల్ల 10, 11 ఉంటది. రాగుల్ల కాల్షియం అయితే 364 మిల్లీగ్రాములు. షుగర్ నిదానంగ పెరుగుతది, కడుపు నిండినట్టు ఉంటది, రెండు జొన్న రొట్టెలు తింటే మూడోది పోదు. లాభం అక్కడుంది. రొట్టె, ఆకుకూర పప్పు, అంబలి, ఇట్ల తిన్నోళ్లకు ఎవ్వలకూ నేను చెప్పేదేం లేదు.

కానీ మిల్లెట్ అనే పేరు తగిలిస్తే సాలు, కొర్రల పులిహోరల నూనె, పల్లీలు డబుల్, రాగి లడ్డుల బెల్లం, నెయ్యి, రాగి మురుకులు నూనెల దేవినయి, ఇవి గూడ డైట్ ఫుడ్డే. మిల్లెట్ బిస్కెట్ పొట్లం ఎనక్కి తిప్పి చదువుండ్రి ఓసారి, ముందుగల రాసేది ఏది ఎక్కువ ఉంటే అది, చానా పొట్లాలల్ల గోధుమ పిండో మైదానో ముందుంటది, రాగి పిండి ఎక్కడో ఎనకాల ఉంటది.

మా అత్తమ్మ దగ్గర ఈ ముచ్చట తీస్తే కొట్లాటకొస్తది. "మేము మలీద ముద్దలు, సత్తుపిండి, నువ్వులుండలు తిని పెరిగినోళ్లం, మాకేమన్న పొట్టలొచ్చినయా" అంటది. అత్తమ్మ మాటల తప్పేం లేదు, కానీ ఆ తిండి ఎవరి కోసం పుట్టిందో చూడాలె కదా. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, ఏ డ్యామ్ కట్టినా ఏ కాలువ తవ్వినా మట్టి పనికి మనోళ్లే పోయేటోళ్లు. పొద్దు పొడిచిన కాంచి పొద్దు గూకేదాకా తట్టలు మోసేటోళ్లకు మూటల పట్టేంత తక్కువ తిండిల ఎక్కువ శక్తి ఉండాలె. సజ్జ రొట్టె చూరి బెల్లం, నెయ్యి కలిపి ముద్ద కట్టినా, నువ్వులు బెల్లం దంచి ఉండ కట్టినా అండ్ల లెక్క అదే. 30 గ్రాముల నువ్వులుండకు 140 కేలరీల దాకా ఉంటది, వాళ్లకు అది గంటల కరిగిపోయేది. మనం కంప్యూటర్ ముంగట కూసోని సద్దుల బతుకమ్మ పోయినంక గూడ నెలంతా అవే తింటే ఏడికి పోతది? పండుగ నాడు తినుడు వేరే ముచ్చట, ఆ రోజు లెక్కలు చెప్పేటోళ్లను నేనే తిడత.

మా తల్లిగారిది నల్లగొండ, అంటే బత్తాయిల రాజ్యం. మా అన్న తోట నుంచి సీజన్ల బస్తా వస్తది. బత్తాయి ఒలుచుకొని తింటే 100 గ్రాములకు 43 కేలరీలు, తెల్ల పొరతోటి సహా నమిలితే పీచు మస్తు, రెండు తినేసరికే సాలనిపిస్తది. అదే జూసు తీస్తే గ్లాసుకు మూడు నాలుగు కాయలు పడతయి, పీచంతా జాలిల మిగిలిపోతది, రెండు నిమిషాల్ల గటగటా తాగుతం. అండ్ల జూసు బండాయన మూడు చెంచాల చక్కెర ఏస్తడు, వద్దన్నా అలవాటుల చెయ్యి పోతనే ఉంటది. మొత్తం 160, 170 కేలరీలు. 300 మిల్లీల కూల్ డ్రింకుకు 130 చిల్లర. నాలుగు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది 200 అటిటు, గ్రౌండ్ గేటు కాడనే జూసు తాగి చానామంది దాన్ని తిరిగి నింపుకొని ఇంటికి పోతున్నరు. డబ్బా జూసులైతే ఇంకా ఘోరం, గుజ్జుల నీళ్లు కలిపి చేసిన జూసు మీద 100 శాతం పండ్ల రసం అని రాయొద్దని 2024 జూన్‌ల మన దేశంల తిండి సరుకుల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. ఆర్డర్ ఇచ్చేదాకా ఆ మాట దర్జాగ అచ్చేసుకున్నరు. దూపైతే కొబ్బరి నీళ్లు తాగుండ్రి, ఒక కాయకు 50, 60 దాటదు.

సీతాఫలం గూడ చెప్పాలె, లేకుంటే జడ్చర్ల దిక్కోళ్లు ఊకోరు. మన బాలానగర్ పేరు మీద ఒక రకమే ఉంది, ఆ కాలంల హైవే పొంటి గంపలు గంపలు పెట్టి అమ్ముతరు. 100 గ్రాముల గుజ్జుకు 100 కేలరీల దగ్గర, బత్తాయికి రెండింతల పైనే. ఒక్కటి తినుడు ఎవ్వల వల్ల కాదని తెలుసు. తినుండ్రి, ఏడాదికి రెండు నెలలే కదా దొరికేది, కాకుంటే పొద్దుమీకి మూడు కాయలు తిని "పండ్లే కదా తిన్నది" అని మళ్ల భోజనం గూడ కానియ్యకుండ్రి.

బెల్లం, తేనె గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. బెల్లం 100 గ్రాములకు 380 దాకా, చక్కెర 400 దగ్గర. టీ చెంచాడు తేనె బరువెక్కువ కాబట్టి 20 కేలరీలు, చక్కెర చెంచాడుకు 16. మా నాయినకు షుగర్ ఉంది, బెల్లం చాయ్ అయితే ఏం కాదని ఎవరో చెప్పిండ్రట, రోజుకు మూడు తాగుతుండె, మీటర్ల వచ్చిన నంబరు చూపిస్తే గాని ఇనలే. ఖర్జూర పెద్దది ఒకటి 60 పైన.

పొట్లాల మీద మాత్రం జర కోపంగనే ఉంది నాకు. డైజెస్టివ్ బిస్కెట్లు 100 గ్రాములకు 480 పైన ఉంటయి, మామూలు బిస్కెట్లు గూడ అంతే. ముంగట పెద్ద అక్షరాలల్ల ఫైబర్ అని ఉంటది, ఎనకాల చీమ తలకాయంత అక్షరాలల్ల ఒక సర్వింగ్‌కు ఇంత అని రాస్తరు, ఆ సర్వింగ్ ఎంత అంటే 30 గ్రాములు, లేకుంటే రెండు బిస్కెట్లు. పాలల్ల ఏస్కొని తినే ఓట్స్, ఎండు పండ్ల మ్యూస్లీ గిన్నె నిండా పోసుకుంటే 30 గ్రాములు అడుగుకు గూడ సాలదు. అందుకే సర్వింగ్ కాలమ్ సూడకుండ 100 గ్రాముల కాలమే సూడుండ్రి, ఏ పొట్లాన్నైనా పక్క పొట్లంతోటి పోల్చొచ్చు. పిల్లల పాలల్ల కలిపే మాల్ట్ పొడులను 2024 ఏప్రిల్‌ల ఆన్‌లైన్ షాపులల్ల హెల్త్ డ్రింకుల లిస్టుల నుంచి తీసేయమన్నరు, ఎందుకంటే హెల్త్ డ్రింక్ అనేది మన ఆహార చట్టంల అసల్కే లేదు. అయినా మా పక్కింటక్క ఇప్పటికీ పిల్లగానికి పెద్ద చెంచాలు మూడు కలుపుతది, బలమని.

ఇదంతా చదివినంక ఎవరో ఒకరు తప్పకుండ అవకాడో గురించి అడుగుతరు, హైదరాబాద్ పోయొచ్చినోళ్లు అదే తెస్తున్నరు ఇప్పుడు. 100 గ్రాములకు 160. మన పల్లీలల్ల మూడో వంతు గూడ లేదు, పైగా ఒక్క కాయ ధర ఇన్నంక ఇంకొకటి కోస్కునే ధైర్యం ఎవ్వరికీ రాదు కాబట్టి దాని తోటి మాత్రం ఏ భయం లేదు.